దారి చూచు కిరణము

హైదరాబాదులో ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషను క్రింద సాయంకాలము ఆరు గంటల వేళ రోడ్డు దాటుట ఒక విద్య. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సుల తరగతులు ముగించుకొని గుంపులుగా వచ్చు విద్యార్థులు, ఎదురుదిశలో దూసికొని వచ్చు మోటారు సైకిలు, రోడ్డు నడుమనే ఆగి బేరమాడు ఆటో, మొక్కజొన్న కంకులు కాలుచున్న బండిని అట్లే తోసికొనిపోవు మనిషి: వీరందరి మధ్య సిటీ బస్సు డ్రైవరు తన బస్సును ఎట్లో నడుపుకొని పోవును. ఒకనాడు అక్కడ నా వెంట ఉన్న విద్యార్థి, "సార్, డ్రైవరు లేని కారు ఈ రోడ్డులో నడువగలదా?" అని అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. డ్రైవరు లేని కారుకు లేజరు కన్ను ఉన్నదని అందరును వినియే యుందురు. కాని ఆ కన్ను చూచునది ఏమి, చూడనిది ఏమి అని తెలిసిననే గాని ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ కన్ను చరిత్రయు చిత్రమైనదే. అది మొదట చంద్రుని చూచినది. పిమ్మట గాలిని, మేఘములను చూచినది. ఆ తరువాతనే రోడ్డు మీదికి దిగినది. దిగిన చోట ఒక తెలుగువాని పేరు కూడ కనబడును.

ముందుగా బడిలో చేయదగిన ప్రయోగము ఒకటి చెప్పెదను. మైదానములో పెద్ద గోడకు 34 మీటర్ల దూరమున నిలిచి ఒక చప్పట్లు చరచుడు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. పోను 34, రాను 34, మొత్తము 68 మీటర్లు. కాబట్టి ప్రతిధ్వని సెకనులో ఐదవ వంతు కాలమునకు మన చెవిని చేరును. ఆ కాలము తెలిసినచో గోడ దూరము తెలిసినట్లే. గబ్బిలము చీకటిలో వేయు లెక్క ఇదే. లైడార్ అను లేజరు పరికరము వేయు లెక్కయు ఇదే. అది చప్పట్లకు బదులు కాంతిని పంపును, అంతే.

భేదమంతయు వేగములో ఉన్నది. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అనగా ధ్వని కంటె దాదాపు 9 లక్షల రెట్లు వేగము. ఆ గోడ నుండియే కాంతి తిరిగి వచ్చుటకు 227 నానోసెకనులు చాలును. నానోసెకను అనగా సెకనులో నూరు కోట్లవ వంతు. గోడ దూరమును 3 సెంటీమీటర్ల తప్పుతో తెలిసికొనవలెనన్నచో మన గడియారము నానోసెకనులో ఐదవ వంతును గుర్తింపగలిగి యుండవలెను. ఒక రెప్పపాటు సెకనులో ఐదవ వంతు అనుకొన్నచో, ఆ రెప్పపాటులో అట్టి ముక్కలు నూరు కోట్లు ఉండును. లైడార్ చరిత్రలో సగము ఈ అతి స్వల్పకాలమును పట్టుకొనుటకు పడిన పాట్ల చరిత్రయే.

కాంతిని ఆకాశములోనికి పంపి తిరిగి వచ్చిన దానిని పరిశీలింపవలెనను ఊహ లేజరు కంటె పాతది. 1930 లోనే ఐర్లండు దేశస్థుడు ఇ.హెచ్. సింజ్, బలమైన సర్చిలైట్ల వెలుగును పైకి పంపి, దూరమున నున్న దూరదర్శినితో ఆ వెలుగు చెదరుటను చూచి, పై గాలి సాంద్రతను కనుగొనవచ్చునని సూచించెను. కాని సర్చిలైటు కాంతి ఎంత బలమైనదైనను విచ్చుకొనిపోవును. సన్నగా, ఒకే దిక్కుగా, ఒకే రంగుతో పోవు కాంతి కావలెను. 1960 మే నెలలో అమెరికాలోని హ్యూస్ పరిశోధనాలయమున థియొడోర్ మైమన్ కెంపు కడ్డీ నుండి మొదటి లేజరు కాంతిని వెలువరించెను. మరుసటి సంవత్సరముననే ఆ సంస్థవారు దానితో దూరము కొలుచు పరికరమొకటి చేసి 'కొలిడార్' అని పేరు పెట్టిరి.

అయితే ఒక చిక్కు కలిగినది. మొదటి కెంపు లేజరు మెరుపు సెకనులో వేయవ వంతుకు కొంచెము తక్కువ కాలము సాగెడిది. మనకు అది క్షణము కంటె చిన్నది; కాంతికి మాత్రము 300 కిలోమీటర్ల ప్రయాణమునకు చాలినంత కాలము. మెరుపు తల గోడను తాకి తిరిగి వచ్చు వేళకు తోక ఇంకను పరికరము నుండి బయటికి రాదు. ఇక దేని నుండి దేనిని తీసివేసి కాలము లెక్కింతుము? దీనికి ఉపాయమును రాబర్ట్ హెల్వార్త్ ఆలోచించి, 1962 లో మెక్లంగ్‌తో కలిసి చేసి చూపెను. చెరువు నిండువరకు తూము మూసి ఉంచి, నిండిన పిమ్మట ఒక్కసారిగా ఎత్తినచో నీరెట్లు దూకునో, అట్లే లేజరులో శక్తి పూర్తిగా కూడు వరకు కాంతికి దారి మూసి, పిదప ఒక్కసారిగా తెరచుటయే ఆ ఉపాయము. మెరుపు పదుల నానోసెకనులకు కుదించుకొనిపోయినది, బలము ఎన్నో రెట్లు హెచ్చినది. తరగతిలో లేజరు పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు మైమన్‌ను తప్పక చెప్పుదురు, హెల్వార్త్‌ను చెప్పరు. దూరము కొలుచు విషయమున నాకు ఇతడే ముఖ్యుడని తోచును.

అదే 1962 లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన లూయీ స్మలిన్, జార్జియో ఫియొకో చంద్రుని మీదికి కెంపు కాంతిని పంపి, రెండున్నర సెకనుల తరువాత తిరిగి వచ్చిన కొద్దిపాటి కాంతిని పట్టుకొనిరి. 1963 లో వారే ఆ పరికరమును ఆకాశము వైపు త్రిప్పి, పై గాలిలోని ధూళి పొరల నుండి చెదరి వచ్చిన కాంతిని నమోదు చేసిరి. 1962 లోనే రాబర్ట్ హాల్ జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థలో గాలియం ఆర్సెనైడ్ అను అర్ధవాహకపు తునక నుండి లేజరు కాంతిని పుట్టించెను. దానిని ద్రవ నైట్రోజనులో చల్లబరచవలసి వచ్చెడిది గనుక అప్పటికి అది ప్రయోగశాల వింతయే. కాని నేటి కార్ల మీద వెలుగుచున్నది కెంపు లేజరు సంతతి కాదు, ఆవగింజ వంటి ఈ తునక సంతతియే.

ఆకాశము చూచు లైడార్ మన సీమలోను ఉన్నది. తిరుపతి నుండి చిత్తూరు పోవు దారిలో గాదంకి అను గ్రామము కలదు. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998 లో జపాను శాస్త్రజ్ఞుల సహకారముతో ఒక లైడార్ నెలకొల్పబడినది. దాని నుండి 532 నానోమీటర్ల పచ్చని కాంతి రాత్రివేళ నిట్టనిలువుగా ఆకాశములోనికి పోవును. గాలి అణువులు, ధూళి కణములు, పలుచని మంచు మేఘములు ఆ కాంతిని చెదరగొట్టగా, వెనుకకు వచ్చిన కొంచెమును దూరదర్శిని పోగుచేయును. వచ్చిన కాలము ఎత్తును చెప్పును, వచ్చిన పరిమాణము అక్కడి సాంద్రతను చెప్పును. దాని నుండి ఉష్ణోగ్రతను లెక్కకట్టుదురు. గాదంకి పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక, దానితో మరల పని పడును.

ఇక రోడ్డు సంగతి. గాదంకి ఉన్న నాటి చిత్తూరు జిల్లాలోనే కాటూరు అను పల్లెలో 1937 లో దబ్బల రాజగోపాలరెడ్డి జన్మించెను. లోకమునకు ఆయన రాజ్ రెడ్డి. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958 లో పట్టము పొంది, ఆస్ట్రేలియాలో చదివి, 1966 లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందిన ఈయన ముఖ్య పరిశోధన యంత్రమునకు మనుష్యుల మాట అర్థమగునట్లు చేయుట. కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదైన ట్యూరింగ్ బహుమానము 1994 లో ఆయనకు లభించినది. 1979 లో పిట్స్‌బర్గ్ నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో రోబోల పరిశోధనకై ఒక సంస్థ ఏర్పడగా దానికి ఆయన తొలి డైరెక్టరు. 1991 వరకు ఆ పదవిలో ఉండెను. తానుగా దారి చూచుకొని నడచు బండి పని 1984 లో ఆ సంస్థలోనే ఆరంభమైనది. మనవాడు ఉన్న చోటనెల్ల ఘనతయంతయు మనవానికే కట్టబెట్టుట మనకొక అలవాటు. అది సరికాదు. ఆ బండిని చేసినవారు చార్లెస్ థోర్ప్, టకియో కనాడే, విలియం విటేకర్ మున్నగువారు. కాని అట్టి పని చేయుటకు మనుషులను, ధనమును, అన్నింటికంటె తీరికను సమకూర్చు సంస్థను నిలబెట్టుట చిన్న సంగతి కాదు.

'నావ్‌ల్యాబ్' అను ఆ మొదటి బండి 1986 నాటికి సిద్ధమైనది. అది ఒక షెవ్రొలే వ్యాను. లోపల కంప్యూటర్ల బీరువాలు, వాటిని చూచుకొను పరిశోధకులు. పైన ఒక కెమెరా, ఒక లేజరు దూరమాపకము. మిషిగన్‌లోని ఒక పరిశోధన సంస్థ చేసిన ఆ దూరమాపకము ఎదుటి దృశ్యమును అడ్డముగా 256, నిలువుగా 64 బిందువులుగా విభజించి, అర సెకనులో ఒక మారు చుట్టివచ్చెడిది. నానోసెకనులను నేరుగా లెక్కించు శ్రమ తప్పించుటకు అందులో వేరొక ఉపాయము వాడిరి. కాంతిని ఆపి ఆపి పంపక, హెచ్చుతగ్గులతో అలలు అలలుగా ఎడతెగక పంపుదురు. వెళ్లిన అలకు, వచ్చిన అలకు ఎంత ఎడముండునో చూచి దూరము తెలిసికొందురు. దీనిలో లోపమొకటి ఉన్నది. గంటల ముల్లు లేక నిమిషముల ముల్లు మాత్రమే ఉన్న గడియారమును ఊహింపుడు. అది పది నిమిషములైనదని చెప్పును గాని ఏ గంట దాటి పది నిమిషములో చెప్పదు. ఆ పరికరమునకు 64 అడుగులు దాటిన వస్తువు మరల దగ్గరగా కనబడెడిది. 70 అడుగుల దూరమున నున్న చెట్టు ఆరడుగుల దూరమున నున్నట్లు లెక్క వచ్చెడిది. నిదానముగా పోవు వ్యానుకు ఇది కొంత సరిపోయినది. వేగముగా పోవు కారుకు చాలదు.

అందుచేతనే కాబోలు, కొంతకాలము పరిశోధకులు కెమెరా వైపు మొగ్గిరి. 1995 లో ఆ సంస్థకే చెందిన ఇద్దరు శాస్త్రజ్ఞులు పిట్స్‌బర్గ్ నుండి పడమటి సముద్రతీరమున సాన్ డీగో వరకు 2,849 మైళ్లు కారులో పోయిరి. అందు నూటికి 98 వంతుల దూరము స్టీరింగును కంప్యూటరే త్రిప్పినది. రోడ్డు గీతలను కెమెరా చూచెడిది. వేగము, బ్రేకులు మాత్రము మనుషుల వశముననే యుండెను.

గీతలు లేని చోట ఏమి చేయవలెను? అమెరికా రక్షణ శాఖవారు 2004 మార్చిలో మొహావీ ఎడారిలో డ్రైవరు లేని బండ్లకు పందెము పెట్టిరి. సుమారు 150 మైళ్ల దారిలో ఒక్క బండియు ఏడున్నర మైళ్లు దాటలేదు. అంత దూరమైనను పోయినది కార్నెగీ మెలన్ వారి బండియే. 2005 అక్టోబరులో మరల పందెము జరుగగా ఐదు బండ్లు 132 మైళ్లు పూర్తిచేసినవి. గెలిచినది సెబాస్టియన్ త్రన్ నాయకత్వమున స్టాన్‌ఫర్డ్ వారు చేసిన 'స్టాన్లీ'. కాలము 6 గంటల 53 నిమిషములు. దాని పైకప్పు మీద ఐదు లేజరు కళ్లుండెను. అవి ఇరువది మీటర్లకు కొంచెము పైగా మాత్రమే నమ్మకముగా చూడగలవు. దగ్గరి నేల చదునుగా ఉన్నదని లేజరు తేల్చగానే, ఆ నేల రంగు ఎట్లున్నదో కెమెరా గ్రహించి, దూరమున అటువంటి రంగే కనబడిన చోట దారి ఉన్నదని ఊహించెడిది. చేతికర్రతో దగ్గర తడవి చూచుకొనుచు, కంటితో దూరమును అంచనా వేయు బాటసారి వంటిదన్న మాట.

ఆ లేజరు కళ్లు ఒక్కొక్కటియు ఒక్కొక్క గీతను మాత్రమే గీచి చూచును. డేవిడ్ హాల్ అను ఇంజనీరు, వృత్తి చేత పాటలపెట్టెలకు స్పీకర్లు చేయు కంపెనీ యజమాని, ఆ పందెములలో తానును పాల్గొని ఈ లోపమును గమనించెను. అరువది నాలుగు చిన్న లేజరులను ఒకదాని క్రింద ఒకటిగా అమర్చి, ఆ పెట్టెనంతయు గిరగిర త్రిప్పినచో నలుదిక్కులు కనబడవలెను గదా! ఆయన చేసిన వెలొడైన్ పరికరము సెకనుకు ఎన్నో మారులు తిరిగి, పది లక్షలకు పైగా బిందువుల దూరములను చెప్పెడిది. 2007 నవంబరులో పట్టణపు వీధులను పోలిన దారులలో మూడవ పందెము జరిగినది. పూర్తిచేసిన ఆరు బండ్లలో ఐదింటి నెత్తిన ఆ తిరుగుడు పెట్టెయే ఉండెను. గెలిచినది కార్నెగీ మెలన్ వారి 'బాస్'. అప్పుడు ఆ పెట్టె వెల సుమారు 75 వేల డాలర్లు. నేడు కార్లలో వాడు లైడార్లు వేయి డాలర్ల లోపుననే దొరకుచున్నవి.

పది లక్షల బిందువులనిన మనకు చాల ఎక్కువని తోచును. ఒక చిన్న లెక్క వేసి చూతము. విద్యార్థులు దీనిని పలక మీద వేయవచ్చును. ఆ పెట్టెలోని 64 కిరణములు నిలువున సుమారు 27 డిగ్రీల మేర పరచుకొని యుండును. అనగా కిరణమునకు కిరణమునకు నడుమ ఎడము దాదాపు 0.42 డిగ్రీ. 50 మీటర్ల దూరమున ఈ ఎడము దాదాపు 37 సెంటీమీటర్లగును. అక్కడ మీటరు ఎత్తున్న పిల్లవాడు నిలిచియున్నచో వాని మీద పడునవి మూడు గీతలు. కాళ్ల మీద ఒకటి, పొట్ట మీద ఒకటి, తల దగ్గర ఒకటి. ఆ మూడు గీతలను చూచి, ఇది బాలుడు, చెత్తబుట్ట కాదు అని యంత్రము తేల్చుకొనవలెను.

దూరము కొలుచుట వేరు, గుర్తుపట్టుట వేరు అను సంగతి ఇక్కడ బయటపడును. దీనిని దారుణముగా చూపిన సంఘటన 2018 మార్చి 18 రాత్రి అమెరికాలో అరిజోనా రాష్ట్రములోని టెంపీ పట్టణమున జరిగినది. ఊబర్ కంపెనీ పరీక్షించుచున్న కారు, సైకిలు నడిపించుకొనుచు రోడ్డు దాటుచున్న ఒక స్త్రీని ఢీకొనగా ఆమె మరణించినది. ఆ దేశపు రవాణా భద్రతా మండలి విచారణ జరిపి వివరములను ప్రకటించినది. ఢీకొనుటకు 5.6 సెకనుల ముందే రాడారు ఆమెను పట్టినది, 5.2 సెకనుల ముందు లేజరు పట్టినది. కాంతి తన పని తాను సరిగానే చేసినది. కాని కంప్యూటరు ఆమెను ఒక మారు వాహనమని, ఒక మారు ఇతర వస్తువని, ఒక మారు సైకిలని తలచినది. తలపు మారినప్పుడెల్ల అంతవరకు ఆమె నడచివచ్చిన జాడను వదలివేసి మరల మొదటి నుండి లెక్క ఆరంభించినది. దాటుటకు గుర్తులు లేని చోట మనుషులు రోడ్డు దాటవచ్చునన్న ఊహయే ఆ కార్యక్రమములో లేదు. ప్రమాదము తప్పదని తేలునప్పటికి మిగిలినది 1.2 సెకను. కనిపెట్టి యుండుటకు లోపల కూర్చుండిన మనిషి ఆ వేళ రోడ్డును చూచుట లేదు.

గుర్తులున్న చోటనే రోడ్డు దాటు మనిషి ఎస్.ఆర్. నగర్‌లో ఎవడున్నాడు? నేనును దాటలేదు, నా విద్యార్థియు దాటలేదు.

ఇక వాన, పొగమంచు. ఇక్కడ గాదంకిని మరల తలచుకొనవలెను. గాలిలోని తుంపర, ధూళి, మేఘము: వీటి నుండి చెదరి వచ్చు కాంతియే గాదంకి శాస్త్రజ్ఞునకు కావలసిన పంట. కారు లైడార్‌కు అదే కలుపు. జోరువానలో ప్రతి బొట్టును కొంత కాంతిని వెనుకకు త్రిప్పును. దూరపు లారీ నుండి రావలసిన కాంతి అంతకంతకు క్షీణించును. తడిసిన నల్లని రంగు కాంతిని మ్రింగివేయును. అద్దము దానిని వేరొక దిక్కునకు మళ్లించును లేదా లోనికి పోనిచ్చును. కాంతిని ఇంకను బలముగా పంపరాదా అని అడుగవచ్చును. మనుషుల కన్నులు అడ్డమున్నవి. కార్లలో చాల వరకు వాడు 905 నానోమీటర్ల కిరణము మనకు కనబడదు గాని కంటి వెనుకనున్న నేత్రపటలము వరకు చేరగలదు. అందుచేత దాని బలమునకు హద్దు పెట్టిరి. 1550 నానోమీటర్ల కిరణమును కంటి ముందుభాగములోని నీరే పీల్చివేయును గనుక దానిని మరికొంత బలముగా పంపవచ్చును. కాని దానిని పట్టుకొను గ్రాహకములు సిలికానుతో కావు, ఖరీదైనవి. కొందరు, ముఖ్యముగా టెస్లా కంపెనీవారు, లేజరే వలదు, మనుషులవలె కెమెరాలతోనే చూతుమని వాదింతురు. నాకు ఆ వాదము పూర్తిగా రుచింపదు. సంధ్యవేళ ఎస్.ఆర్. నగర్‌లో ఎదుటి బండ్ల దీపములు కంటిలో కొట్టునపుడు కెమెరా పడు ఇబ్బంది లేజరుకు అంతగా లేదు. తన దీపమును తానే తెచ్చుకొనునది గదా.

మన రోడ్లను యంత్రమునకు నేర్పు పని హైదరాబాదులోనే మొదలైనది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ వారు ఇంటెల్ కంపెనీతో కలిసి 2018 లో హైదరాబాదు, బెంగుళూరు నగరముల రోడ్ల చిత్రములు 10 వేలకు పైగా సేకరించి, ఒక్కొక్క చిత్రములో ఏది ఏదియో గుర్తులు పెట్టి లోకమునకు విడుదల చేసిరి. పాశ్చాత్యుల జాబితాలలో లేని ఆటోరిక్షా, రోడ్డు మీది పశువు ఇందులో వేరు వేరు జాతులుగా చేరినవి. తరువాత లేజరు కొలతలతో కూడ అటువంటి సంపుటము చేసిరి. అందులో సుమారు 12 వేల లేజరు దృశ్యములకు గుర్తులున్నవి. బేరమాడుచు ఆగిన ఆటోను ఆటో అని చెప్పుట ఇప్పుడు యంత్రమునకు తెలియును.

సంగారెడ్డి జిల్లా కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణమున డ్రైవరు లేని వాహనముల పరీక్షకై ప్రత్యేకముగా దారులు వేసి 2022 జూలై 4 న ప్రారంభించిరి. 2025 లో అట్టి విద్యుత్ బండ్లు ప్రాంగణము లోపల విద్యార్థులను, అధ్యాపకులను ఎక్కించుకొని తిరిగినవి. ప్రాంగణపు దారులు ముందుగానే కొలిచి ఉంచినవి. చెట్టెక్కడ ఉన్నదో, మలుపెక్కడ ఉన్నదో బండికి తెలియును. క్రొత్తగా ఎదురగు మనిషిని, సైకిలును కనిపెట్టి ఆగుటయే దాని పని.

ఎస్.ఆర్. నగర్ ముందు నుండి పోవు ముంబయి రహదారియే కూకట్‌పల్లి, పటాన్‌చెరు దాటి కంది చేరును. అందుచేత నా విద్యార్థికి చివరకు ఇట్లు చెప్పితిని: ఈ రోడ్డు ఆ చివర డ్రైవరు లేని బండి నడచుచున్నది, ఈ చివర ఇంకను నడువలేదు. మొక్కజొన్న బండి ఎంత దూరమున ఉన్నదో లేజరు మూడు సెంటీమీటర్ల తప్పుతో చెప్పును. దానిని తోయుచున్న మనిషి బస్సును చూచి ఆగునా, తొందరపడి దాటునా అనునది ఆ కిరణములో తిరిగి రాదు. బస్సు డ్రైవరు దానిని ఆ మనిషి మెడ త్రిప్పిన తీరును బట్టి గ్రహించును. "మెడ త్రిప్పుట కూడ కొన్ని బిందువుల కదలికయే గదా సార్?" అని అతడు అడిగెను. నిజమే. యాబది మీటర్ల దూరమున ఆ తల మీద పడునది ఒక్క గీత. అది మూడు గీతలో, పది గీతలో కావలెను. ఇప్పుడు లైడార్లు చేయువారు కిరణముల సంఖ్యను 64 నుండి 128 కి, ఆ పైకి పెంచుచున్నది ఇందుకే.